చిన్న వ్యాపారానికి టోల్ ఫ్రీ నంబరు అవసరమా? తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరు, ఏలూరు చుట్టుపక్కల షాపులకు, చిన్న కంపెనీలకు ఫోన్ లైన్లు, ఇంటర్‌కమ్‌లు పెట్టడం నా పని. కొత్తగా వ్యాపారం పెట్టినవాళ్ళు బోర్డు రాయించేటప్పుడో, ప్యాకెట్ల మీద లేబుల్ వేయించేటప్పుడో నాకు ఫోన్ చేసి "1800 నంబరు ఒకటి తీసుకుందామా?" అని అడుగుతుంటారు. ఇన్నేళ్ళలో పదేపదే విన్న ప్రశ్నలు, వాటికి నేను చెప్పే జవాబులు ఇవి. డబ్బులు జాగ్రత్తగా ఖర్చు పెట్టుకోవాల్సిన వాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాశాను.

టోల్ ఫ్రీ నంబరు అంటే సరిగ్గా ఏమిటి?

కాల్ చేసినవాళ్ళకు పైసా పడదు. ఆ డబ్బులు కాల్ అందుకున్నవాళ్ళు, అంటే మీరు కడతారు. మన దేశంలో ఇవి 1800తో మొదలవుతాయి. దీనికి విడిగా వైరు ఏమీ రాదు. 1800కు వచ్చిన కాల్‌ను ఆ నంబరు ఇచ్చిన ఫోన్ కంపెనీ వాళ్ళ సిస్టమ్ మీరు చెప్పిన సెల్‌కో, ల్యాండ్‌లైన్‌కో మళ్ళిస్తుంది. ఇవాళ షాపుకు, రేపు ఇంటికి, ఎల్లుండి గోడౌన్‌కు మార్చుకోవచ్చు. బయటివాళ్ళకు మాత్రం నంబరు ఒకటే.

1860 నంబర్లు వేరు. వాటికి చేస్తే కాల్ చేసినవాళ్ళకు కొంత పడుతుంది. "అన్‌లిమిటెడ్ ప్యాక్ ఉంది కదా, డబ్బులు ఎందుకు కట్ అయ్యాయి?" అని కస్టమర్ మిమ్మల్ని నిలదీసే నంబరు అది. చిన్న వ్యాపారానికి 1860 వద్దని గట్టిగా చెబుతాను.

సూటిగా చెప్పండి, మా షాపుకు కావాలా వద్దా?

మీ బేరం ఒక ఊరిలోనో, ఒకటి రెండు జిల్లాలలోనో ఉంటే వద్దు. ఆ డబ్బుతో ఫోన్ ఎత్తడానికి ఒక మనిషిని పెట్టుకోండి, సగం పూటకైనా సరే. ఇంతకాలం నేను చూసినదాంట్లో కాల్‌కు డబ్బులు పడతాయని ఆగిపోయిన కస్టమర్ దాదాపు కనిపించలేదు. రెండుసార్లు చేస్తే ఎవరూ ఎత్తలేదని పక్క షాపుకు పోయినవాళ్ళు మాత్రం రోజూ కనిపిస్తారు.

మరి పెద్ద కంపెనీలన్నీ ఎందుకు పెట్టుకున్నాయి?

దీనికి కాస్త వెనక్కి వెళ్ళాలి. ఎస్టీడీ బూత్‌ల రోజులు గుర్తున్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. రాత్రి రేటు తగ్గేదాకా ఆగి, బూత్ దగ్గర లైనులో నిలబడి, గోడ మీద ఎర్ర అంకెలు పరిగెడుతుంటే గబగబా మాట్లాడి పెట్టేసేవాళ్ళం. సెల్‌ఫోన్ వచ్చాక కూడా, 2003 దాకా ఇన్‌కమింగ్ కాల్‌కు సైతం డబ్బులు పడేవి. అలాంటి కాలంలో హైదరాబాద్‌లోనో, బొంబాయిలోనో ఉన్న కంపెనీకి నరసరావుపేట మనిషి ఫోన్ చేయాలంటే అది చిన్న ఖర్చు కాదు. "ఖర్చు మాది, మీరు చేయండి" అన్న మాటకు అప్పుడు నిజంగా విలువ ఉండేది.

తర్వాత రేట్లు దిగుతూ వచ్చాయి. 2006లో బీఎస్ఎన్ఎల్ దేశమంతటికీ నిమిషానికి రూపాయి ప్లాన్ తెచ్చింది. 2009లో సెకన్ల లెక్క వచ్చింది. 2016 సెప్టెంబరులో జియో కాల్స్‌కు డబ్బు తీసుకోవడమే మానేయడంతో మిగతా కంపెనీలు కూడా అన్‌లిమిటెడ్ ప్యాక్‌లకు దిగక తప్పలేదు. ఒక నెట్‌వర్క్ ఇంకో నెట్‌వర్క్‌కు కాల్స్ కోసం కట్టుకునే నిమిషానికి 6 పైసల చార్జీ కూడా 2021 జనవరి 1 నుంచి పోయింది. ఇప్పుడు నెల ప్యాక్ వేసుకున్న కస్టమర్‌కు మీ మామూలు సెల్ నంబరుకు చేసినా, 1800కు చేసినా తేడా తెలియదు. అతనికి ఉచితంగానే ఉన్న దాన్ని ఉచితం చేయడానికి మీరు నెలనెలా బిల్లు కట్టాలి. నా అభ్యంతరం అంతా ఇక్కడే.

ఖర్చు ఎంతవుతుంది?

కంపెనీని బట్టి, ప్లాన్‌ను బట్టి మారుతుంది. కానీ బిల్లు ఎలా వేస్తారో తెలిస్తే మీరే లెక్క వేసుకోవచ్చు. నెల అద్దె ఒకటి, వచ్చిన ప్రతి నిమిషానికీ చార్జీ ఒకటి, ఆ రెండింటి మీదా 18 శాతం జీఎస్టీ.

ఒక పచ్చళ్ళ వ్యాపారం అనుకోండి. నెల అద్దె 1000 రూపాయలు, నిమిషానికి రూపాయి అని లెక్క కోసం పెట్టుకుందాం. రోజుకు 30 కాల్స్, ఒక్కోటి 3 నిమిషాలు, నెలకు 26 రోజులు. మొత్తం 2340 నిమిషాలు, అంటే 2340 రూపాయలు. అద్దె కలిపితే 3340. జీఎస్టీతో దాదాపు 3941. కిలో ఆవకాయ మీద మీకు 60 రూపాయలు మిగులుతాయనుకుంటే, ఈ నంబరు ఖర్చు రాబట్టడానికే నెలకు 66 కిలోలు అమ్మాలి. అది కూడా ఈ నంబరు లేకపోతే రాని బేరం అయి ఉండాలి. ఎలాగూ మీ సెల్‌కు చేసేవాళ్ళు 1800కు మారితే అమ్మకం పెరిగినట్టు కాదు, ఖర్చు పెరిగినట్టు. ఏడాదికి 47 వేలు దాటుతుంది. ఆ డబ్బుకు మంచి సీలింగ్ మెషిన్ వస్తుంది.

మీకు మామూలు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే ఆ 18 శాతం ఇన్‌పుట్ క్రెడిట్ కింద వెనక్కి వస్తుంది. అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే కాంపోజిషన్ పథకంలో ఉన్నవాళ్ళకు రాదు.

ఒక సంగతి చాలామంది చూసుకోరు. "నమస్కారం, మా సంస్థకు స్వాగతం" అని రికార్డు పలికిన క్షణం నుంచే మీటర్ తిరగడం మొదలవుతుంది. పాట వినిపిస్తూ లైనులో ఆపినా తిరుగుతుంది. రాంగ్ నంబరు వచ్చినా, పిల్లలు ఆడుకుంటూ చేసినా మీ ఖాతాలోనే. ఉచితమని తెలిస్తే ఊరికే చేసేవాళ్ళు కూడా ఉంటారు.

1800 నంబరు ఉంటే కస్టమర్లకు నమ్మకం పెరుగుతుంది కదా?

కొంతవరకు నిజం. రాష్ట్రం దాటి అమ్మే వస్తువు మీద 1800 కనిపిస్తే "ఇది కొంచెం పెద్ద కంపెనీ" అనిపిస్తుంది. ముఖం తెలియనిచోట ఆ మాత్రం భరోసా పనిచేస్తుంది.

మన ఊళ్ళలో మాత్రం నమ్మకం ఇంకో దారిలో వస్తుంది. 0866 చూస్తే విజయవాడ అని, 0863 చూస్తే గుంటూరు అని, 0870 చూస్తే వరంగల్ అని తెలిసిపోతుంది. మోటారు కాలిపోయి పొలంలో నీళ్ళు ఆగిన రైతుకు, ఫోన్ ఎత్తేవాడు తన జిల్లావాడే అనే ధీమా 1800 ఇవ్వలేదు. ఆ మనిషి ఎక్కడో కాల్ సెంటర్‌లో కూర్చున్నాడేమో అన్న అనుమానం కూడా పుట్టిస్తుంది. ఇప్పుడు ఫైబర్ ఇంటర్నెట్ తీసుకుంటే చాలా ప్లాన్‌లలో ల్యాండ్‌లైన్ నంబరు కూడా ఇస్తున్నారు. ఇంటర్నెట్ ఎలాగూ ఉన్న షాపుకు ఊరి కోడ్‌తో నంబరు వచ్చేసినట్టే. నన్నడిగితే చిన్న వ్యాపారానికి 1800 కంటే ఇది మేలు.

నమ్మకం గురించి ఇంకో మాట కూడా చెప్పాలి. గూగుల్‌లో "కస్టమర్ కేర్" అని వెతికి, దొంగలు పెట్టిన నంబరుకు చేసి, ఓటీపీ చెప్పి డబ్బులు పోగొట్టుకున్నవాళ్ళు మన చుట్టూ ఉన్నారు. మీ షాపు పేరుతో గూగుల్ మ్యాప్స్‌లో ఉన్న వివరాలను ముందు మీ పేరు మీదకు తెచ్చుకోండి. అక్కడి ఫోన్ నంబరుకు మార్పు సూచించే వీలు ఎవరికైనా ఉంటుంది కాబట్టి వారానికోసారి చూసుకోండి. మీ పేరుతో దొంగ నంబరు తిరుగుతోందని తెలిస్తే షాపు గోడ మీద, వాట్సాప్ స్టేటస్‌లో వెంటనే చెప్పండి. డబ్బు పోయినవాళ్ళను ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు ఫోన్ చేయమనండి. మీ కస్టమర్‌కు ఇది 1800 కంటే పెద్ద సేవ.

ప్యాకెట్ మీద కస్టమర్ కేర్ నంబరు తప్పనిసరి అంటున్నారు. అది టోల్ ఫ్రీయే ఉండాలా?

అక్కర్లేదు. లేబుల్ డిజైన్ చేసేవాళ్ళు ఈ మాట చెప్పి భయపెడుతుంటారు, నాకు బాధేస్తుంది. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం, ఫిర్యాదు ఉంటే ఎవరిని అడగాలో వాళ్ళ పేరు, చిరునామా, ఫోన్ నంబరు, ఈమెయిల్ ప్యాకెట్ మీద ఉండాలి. అంతే. అది మీ సెల్ నంబరైనా సరిపోతుంది.

ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళకు 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనలు ఉన్నాయి. ఫిర్యాదుల అధికారి పేరు, ఫోన్, ఈమెయిల్ కనిపించేలా పెట్టాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అక్కడ కూడా ఉచిత నంబరు పెట్టమని లేదు. అడుగుతున్నది పలికే మనిషిని.

అయితే ఎవరికి నిజంగా పనికొస్తుంది?

పనికొచ్చేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు నేనే దగ్గరుండి తీయించాను.

ఐదారు జిల్లాలలో, పక్క రాష్ట్రాలలో సర్వీస్ ఇచ్చేవాళ్ళు మొదట. వాటర్ ప్యూరిఫయర్లు, ఇన్వర్టర్లు, సోలార్ పంపుల వ్యాపారాలు ఇలాంటివే. వస్తువు అమ్మాక పదేళ్ళపాటు దాని మీద అతికించిన స్టిక్కర్ నంబరు పలకాలి. మీ టెక్నీషియన్ మారతాడు, సెల్ నంబరు మారుతుంది, ఆఫీసు మారుతుంది. స్టిక్కర్ మీది 1800 మారదు, వెనక కాల్ ఎక్కడికి వెళ్ళాలో మీరు మార్చుకుంటారు. ఇక్కడ మీరు కొనుక్కుంటున్నది ఉచితాన్ని అనుకోకండి, నిలకడను కొంటున్నారు. ఆ లెక్కన డబ్బు దండగ కాదు.

విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు, పశువుల దాణా తయారుచేసేవాళ్ళు రెండో రకం. పల్లెల్లో పెద్దవాళ్ళ ఫోన్లలో ఇన్‌కమింగ్ కోసం మాత్రమే రీచార్జ్ చేయించేవాళ్ళు ఇంకా ఉన్నారు. అలాంటి ఫోన్ నుంచి మాట్లాడే ప్రతి నిమిషానికీ బ్యాలెన్స్ కరుగుతుంది. 2004 జనవరిలో మొదలైన కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800-180-1551 చూడండి. పొద్దున 6 నుంచి రాత్రి 10 దాకా రైతు తెలుగులో అడిగితే తెలుగులోనే చెబుతారు. ఆ నంబరులో ఉచితం ఒక భాగమైతే, మన భాషలో మనిషి దొరకడం ఇంకో భాగం. రెండోది లేకపోతే మొదటిదానికి విలువ లేదు.

డయాగ్నస్టిక్ సెంటర్లు, చిన్న ఆసుపత్రులు అడిగినప్పుడు నేను సగం ఒప్పుకుంటాను. రోగి తాలూకు మనుషులు టెన్షన్‌లో ఉంటారు. గుర్తుండే నంబరు కావాలి, వెంటనే ఎత్తాలి. 108 అందరికీ నోటికి వచ్చేది మూడంకెలే కాబట్టి. 1800 నంబరులో 1800 తర్వాత మరో ఆరేడు అంకెలు ఉంటాయి, అది సెల్ నంబరు కంటే తేలిగ్గా గుర్తుండదు. గుర్తుండటమే కావాలంటే మంచి ఫ్యాన్సీ సెల్ నంబరు ఒకసారి కొనుక్కోవడం నయం.

కిరాణా, టైలర్, బేకరీ, మెస్, ట్యూషన్, బ్యూటీ పార్లర్, ఫొటో స్టూడియో: వీటికి వద్దు.

ఐవీఆర్ (ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని చెప్పే రికార్డు) పెట్టించుకోమంటున్నారు. పెట్టాలా?

తెనాలి దగ్గర పచ్చళ్ళు, పొడులు చేసే ఒక కుటుంబం టోల్ ఫ్రీతో పాటు ఐవీఆర్ కూడా పెట్టించుకుంది. ముందు ఇంగ్లిష్, తర్వాత హిందీ, ఆఖర్న తెలుగు. మూడు నెలల తర్వాత కాల్ లిస్టు తీసి నాతో కూర్చుని చూశారు. సగానికి పైగా కాల్స్ అర నిమిషం లోపే తెగిపోయాయి. వాళ్ళ పాత కస్టమర్ ఒకావిడ షాపుకు వచ్చినప్పుడు చెప్పిందట: "ఒకటి నొక్కమంటుంది, రెండు నొక్కమంటుంది, మీరు మాత్రం పలకరేమమ్మా!" ఆ ఇంటావిడ ఆ మాట నాకు చెబుతూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ అరనిమిషాలకు కూడా బిల్లు వచ్చింది.

మీ దగ్గర ఫోన్ ఎత్తేది ఇద్దరు ముగ్గురే అయితే ఐవీఆర్ వద్దు. ఒకరు ఎత్తకపోతే రెండోవాళ్ళకు, వాళ్ళూ ఎత్తకపోతే మూడోవాళ్ళకు మోగేలా పెట్టించుకోండి. ఈ పని చేయడానికి 1800 ఉండాల్సిన పని లేదు. ఇంటర్నెట్ ద్వారా కాల్స్ మళ్ళించే క్లౌడ్ టెలిఫోనీ కంపెనీలు మామూలు నంబరు మీద కూడా చేసిపెడతాయి. తప్పదనుకుంటే తెలుగు ముందు పెట్టండి, పది సెకన్లు దాటనివ్వకండి, "మనిషితో మాట్లాడాలంటే" అన్నది మొదటి నంబరుగా పెట్టండి.

వాట్సాప్ ఉండగా ఇవన్నీ ఎందుకు?

చాలామందికి నిజంగానే అక్కర్లేదు. 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్ యాప్‌కు డబ్బు కట్టక్కర్లేదు. వస్తువుల ఫొటోలు, ధరలు కేటలాగ్‌లో పెట్టుకోవచ్చు. షాపు మూసిన వేళ మెసేజ్ వస్తే "రేపు పొద్దున 9కి పలుకుతాం" అని దానంతట అదే జవాబు వెళ్తుంది. ల్యాండ్‌లైన్ నంబరు మీద కూడా ఈ యాప్ తెరుచుకోవచ్చు, ఓటీపీ కాల్ రూపంలో వస్తుంది. అంటే 0866 నంబరు ఒక్కటే ఫోన్‌కూ వాట్సాప్‌కూ సరిపోతుంది. మామూలు యాప్‌లో 1800 నంబరుతో ఆ వీలు లేదు. బోర్డు మీద ఒక నంబరు చాలనుకునే షాపుకు ఇది పెద్ద తేడా.

వాట్సాప్ వాడనివాళ్ళు, చదవడం రానివాళ్ళు ఉన్నారు. వాళ్ళ కోసం మామూలు కాల్ ఎప్పుడూ తెరిచే ఉంచండి.

అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళు ఆర్డర్ చేయాలంటే 1800 పనిచేస్తుందా?

సాధారణంగా పనిచేయదు. మన 1800 దేశం లోపలి కాల్స్ కోసమే. డల్లాస్‌లో ఉన్న అమ్మాయి పూతరేకులు పంపమని ఆ నంబరుకు చేస్తే కలవకపోవచ్చు, మీకు ఆ సంగతి తెలియనే తెలియదు. అంతర్జాతీయ ఫ్రీఫోన్ నంబర్లు 800తో మొదలయ్యేవి ఉన్నాయి గానీ చిన్న వ్యాపారం దాని జోలికి పోకపోవడమే మంచిది. విదేశాలకు పంపేవాళ్ళు తమ నంబరును +91తో రాయించి, పక్కన వాట్సాప్ గుర్తు వేయించుకుంటే సరిపోతుంది. దుబాయ్‌లో వాట్సాప్ కాల్స్ మామూలుగా కలవవు. మెసేజ్‌లు, వాయిస్ నోట్‌లు వెళ్తాయి, కాబట్టి అక్కడివాళ్ళకు వాయిస్ నోట్ పెట్టమని ముందే చెప్పండి.

మిస్డ్ కాల్ నంబరు పెట్టుకుంటే?

డబ్బు తక్కువ, పని ఎక్కువ. కస్టమర్ ఒక రింగ్ ఇచ్చి పెట్టేస్తాడు, మీరు తిరిగి చేస్తారు. గంటలోపు చేయగలిగితేనే పెట్టుకోండి. సాయంత్రం చేస్తే అతను ఎందుకు ఇచ్చాడో కూడా మర్చిపోయి ఉంటాడు. తిరిగి చేసేటప్పుడు అదే నంబరు నుంచి చేయండి, కొత్త నంబరు చూస్తే జనం ఎత్తడం లేదు. 1800తో వచ్చే చిక్కు కూడా ఇదే. అది వచ్చే కాల్స్‌కే, మీరు తిరిగి చేస్తే వేరే నంబరు కనిపిస్తుంది.

తీసుకోవాలనే నిర్ణయించుకున్నాం. ముందు ఏం అడగాలి?

అన్నిటికంటే ముందు నంబరు ఎవరి పేరు మీద ఉంటుందో కాగితం మీద రాయించుకోండి. నేను నేర్చుకున్నది డబ్బు పోగొట్టుకునే. ఒక సంస్థ ద్వారా నా కస్టమర్‌కు నంబరు ఇప్పించాను. రెండేళ్ళకు రేటు పెంచారు. మానేస్తామంటే "నంబరు మా పేరు మీద ఉంది, మీరు తీసుకెళ్ళలేరు" అన్నారు. అప్పటికి ఆ నంబరు వేలాది డబ్బాల మీద అచ్చయి ఉంది. స్టిక్కర్ల మీద స్టిక్కర్లు అతికించడానికి అయిన ఖర్చులో సగం నేనే భరించాను, ఎందుకంటే ఆ మాట ముందే అడగాల్సింది నేను.

తర్వాత బిల్లు నిమిషాల లెక్కా, అర నిమిషం లెక్కా అడగండి. నిమిషం లెక్కయితే 10 సెకన్లు మాట్లాడినా నిమిషం కిందే కడతారు. 1800 నుంచి మీ సెల్‌కు మళ్ళించినందుకు విడిగా చార్జీ ఉందా అనేది కూడా. వచ్చిన కాల్స్ లిస్టు, ఎత్తనివాటితో సహా, మీకు కనిపించాలి. పాన్, జీఎస్టీ లేదా వ్యాపార ధ్రువపత్రం, చిరునామా రుజువు అడుగుతారు, సిద్ధంగా పెట్టుకోండి. ఏమీ అడగకుండా గంటలో ఇస్తామన్నవాళ్ళ దగ్గరకు వెళ్ళకండి.

నంబరు చేతికి వచ్చాక బోర్డు రాయించే ముందు జియో, ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్ఎన్ఎల్ నాలుగింటి నుంచీ, ఒక ల్యాండ్‌లైన్ నుంచీ చేసి చూడండి. పక్క రాష్ట్రంలో చుట్టాలుంటే వాళ్ళతో కూడా చేయించండి. ఏదో ఒక నెట్‌వర్క్ నుంచి కలవకపోవడం నేను చూశాను.

మాకు లాభమో నష్టమో ముందుగా తెలుసుకునే దారి ఉందా?

ఉంది, ఖర్చు ఒక నోటు పుస్తకం. రెండు వారాల పాటు వచ్చిన ప్రతి కాల్ రాయండి: ఎన్ని గంటలకు, ఏ ఊరు నుంచి, దేనికోసం, ఎత్తారా లేదా. ఎత్తని వాళ్ళకు తిరిగి చేసి, ఈలోపు ఇంకోచోట కొనేశారా అని అడిగి అది కూడా రాయండి.

రెండు వారాల తర్వాత ఆ పుస్తకం చూస్తే దారి తెలుస్తుంది. కాల్స్ అన్నీ దగ్గరి ఊళ్ళవే అయితే 1800 మాట వదిలేయండి. మధ్యాహ్నం భోజనం వేళ, రాత్రి 8 తర్వాత ఎత్తనివి ఎక్కువుంటే ఆ రెండు వేళల్లో ఇంట్లోవాళ్ళకు ఫోన్ ఇవ్వండి. దూరం జిల్లాల నుంచి, మీరెవరో తెలియనివాళ్ళ నుంచి, సర్వీస్ కోసం చేసేవి రోజురోజుకూ పెరుగుతుంటే అప్పుడు నాకు ఫోన్ చేయండి, మంచి ప్లాన్ వెతుకుదాం.

ఇప్పటికే తీసుకున్నాం, దండగ అనిపిస్తోంది. ఆపేయొచ్చా?

ఒక్కసారిగా ఆపకండి. ఆ నంబరు ఎక్కడెక్కడ అచ్చయిందో ముందు చూడండి: బిల్లు పుస్తకాలు, సంచులు, డబ్బాలు, ఆటో వెనక బోర్డులు, పాత క్యాలెండర్లు. కొత్తగా వేయించేవాటి మీద మీ ల్యాండ్‌లైనో, సెల్ నంబరో వేయించండి. 1800ను అన్నిటికంటే తక్కువ అద్దె ఉన్న ప్లాన్‌కు మార్చి, ఇంకో ఏడాది నడవనివ్వండి. ఎత్తినప్పుడల్లా "అమ్మా, ఇకనుంచి ఈ నంబరుకు చేయండి" అని కొత్తది చెప్పి, ఆ కొత్త నంబరు నుంచే వాట్సాప్ మెసేజ్ పంపండి. ఆ లైనుకు కాల్స్ నెలకు నాలుగైదుకు పడిపోయాక వదిలేయండి. నిల్వ పచ్చడి, మందులు లాంటివి అమ్మేవాళ్ళయితే ఆఖరి ప్యాకెట్ గడువు తేదీ దాటేదాకా ఆగండి. ఆ ప్యాకెట్ ఏ ఇంట్లో ఉందో, ఎవరికి ఎప్పుడు అవసరం పడుతుందో మనకు తెలియదు.